అన్నం తిన్నాక చెప్పే మాట

మొన్న ఆదివారం పొద్దున నాంచారమ్మ మా ఇంటికొచ్చింది. వట్లూరులో మేముండే అపార్టుమెంటుకు ఆమె రావడం అదే మొదటిసారి. లిఫ్టు ఎక్కమంటే దాన్ని ఎగాదిగా చూసి, నమ్మకం కుదరక మెట్లెక్కే వచ్చింది. చేతిలో తడిగోనె కప్పిన బుట్ట, అందులో ఇంకా మొప్పలాడిస్తున్న కొరమీను. బుట్ట వంటింట్లో దించి, కొంగుతో మొహం తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి ఆగిపోయింది. గోడవారగా ఉన్న పొడవాటి టేకు బల్ల దగ్గరకు వెళ్ళి, దాని అంచు మీద చెయ్యి వేసి, "ఇది ప్లీడరుగారి బల్ల కదండీ?" అంది. ఔనన్నాను. "ఏలూరు ఇల్లు అమ్మేశారంటగా. దీన్నొక్కదాన్నీ తెచ్చుకున్నారా?" అంది. దానికీ ఔనన్నాను. ఆ చెయ్యి బల్ల మీద ఉన్నంతసేపూ నాకు పవర్‌పేటలో ఆ ఇంటి మధ్యగది, వంటింట్లోంచి వచ్చే ఇంగువ పోపు వాసన, వాకిట్లో చెప్పులు విడుస్తూ గొంతు సవరించుకునే క్లయింట్లు, తలుపు వెనక చెవి ఒగ్గి కూర్చున్న మా మావయ్య వరసగా గుర్తొస్తూనే ఉన్నారు.

మావయ్యంటే మా అమ్మకు అన్నయ్య. తాడేపల్లిగూడెం పక్కన పల్లెలో వరి పండించే ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో మొదటిసారి లా చదివి, ఏలూరు కోర్టులో సివిల్ కేసులు వాదించి పేరు తెచ్చుకున్నవాడు. ఆ తరవాత రాజ్యసభకు వెళ్ళాడు. జిల్లాలో చాలామందికి ఆయన ఎంపీగారుగానే తెలుసు. నాకు మాత్రం ఆయన ఎప్పటికీ ప్లీడరే. గూడెంలో మా ఇంట్లో ఉండి డిగ్రీ, తరవాత లా పూర్తిచేసిన నన్ను, రెండువేల సంవత్సరం వచ్చి ఇంకా పాతబడని రోజుల్లో, అమ్మ పాసింజరు బండెక్కించి ఆయన దగ్గర జూనియరుగా చేర్చింది. "మీ మావయ్య దగ్గర అన్నీ నేర్చుకుంటావు. ఒక్క మనిషిని నమ్మడం మాత్రం మన ఇంటికొచ్చే నేర్చుకోవాలి," అంది స్టేషన్లో. హాస్యానికి అన్నదనుకున్నాను. అమ్మ హాస్యాలాడే మనిషి కాదని తరవాత గుర్తొచ్చింది.

మావయ్యకు అనుమానం అంటే ఆస్తి. ఆయన ఆ మాట పైకే అనేవాడు. పొద్దున పాలు పోయడానికొచ్చిన మనిషితో మొదలయ్యేది. "ఇవాళ గేదె ఏం మేసింది?" అని మామూలుగా అడిగేవాడు. అతను పచ్చగడ్డి అన్నాడో, "మరి నిన్న వరిగడ్డే దొరుకుతోందన్నావుగా?" అనేవాడు. ఆ మనిషి నెత్తి గోక్కుంటూ అత్తయ్య వంక చూసేవాడు. కూరలావిడ బెండకాయలు ఇప్పుడే కోసినవంటే, "ఇప్పుడే కోస్తే తొడిమ దగ్గర తడుండాలి, ఏదీ?" అని చూపించమనేవాడు. పేపరు మడత నలిగుంటే వేసేవాడు దారిలో చదివాడని తేల్చేసేవాడు. ఇవన్నీ కోపంతో చేసేవాడు కాదు, భలే హుషారుగా చేసేవాడు. అత్తయ్య మాత్రం, "ఏవండీ, బెండకాయలకి కూడా క్రాసు ఎగ్జామినేషనేనా? అవి వాయిదా అడుగుతాయి చూడండి," అనేది. ఆ ఇంట్లో మావయ్యను ఆటపట్టించే హక్కు ఆవిడ ఒక్కదానికే ఉండేది.

క్లయింట్ల విషయంలో ఆయనకో పద్ధతి ఉంది. అలాంటిది నేను ఇంకే ప్లీడరు దగ్గరా చూడలేదు. ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళకు ముందు మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకూడదు. కాఫీ కూడా ఇవ్వకూడదు. ముందుగదిలో కూర్చోబెట్టి కేసు మొత్తం చెప్పించుకునేవాడు. మధ్యలో అడ్డు రాడు, ఏమీ రాసుకోడు, నన్నూ రాసుకోనిచ్చేవాడు కాదు. కలం చూస్తే మనిషి జాగ్రత్తపడతాడనేవాడు. అంతా అయ్యాక, "పొద్దెక్కింది, భోంచేసి వెళ్ళండి," అని మధ్యగదిలోకి పంపేవాడు. అక్కడ ఈ టేకు బల్ల. అత్తయ్య వడ్డించేది. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, ఏదో ఒక పులుసు, చివర గడ్డపెరుగు. పెరుగన్నం కలుపుకునే వేళకు ఆవిడ, ఏమీ ఎరగనట్టు, "ఇందాక పొలం గట్టు సంగతేదో అంటున్నారు, నాకు సరిగ్గా వినపడలేదండీ," అనేది. అంతే, ఆ మనిషి కేసంతా మళ్ళీ చెప్పేవాడు. నేను పక్కన కంచం ముందు పెట్టుకుని వినేదాన్ని. మావయ్య ముందుగదిలో, ఓరవాకిలిగా వేసిన తలుపు వెనక కుర్చీలో వినేవాడు. "ఆకలి మీద మనిషి తనకేం కావాలో అది చెప్తాడు. కడుపు నిండాక ఏం జరిగిందో అది చెప్తాడు," అని ఆయన సిద్ధాంతం. రెండు మాటలకీ తేడా వస్తే, ఆ తేడాలోనే అబద్ధం ఉంటుందనేవాడు. తేడా ఎక్కడుందో సాయంత్రం నన్ను అడిగేవాడు. నేను చెప్పలేకపోతే అత్తయ్య చెప్పేది.

మొదట్లో నాకు ఆ పద్ధతి అసహ్యంగా ఉండేది. అన్నం పెట్టి మనిషిని పట్టుకోవడం ఏమిటని అత్తయ్యనే అడిగాను. ఆవిడ పప్పు కవ్వంతో మెదుపుతూ, "నేను పెట్టేది అన్నమేనమ్మా. అందులో మీ మావయ్య ఏం కలుపుతారో నాకు తెలీదు," అంది. తరవాత తరవాత నాకూ అలవాటైపోయింది. ఇంకో సంగతి చెప్పాలి. ఆయన మాత్రం క్లయింటు ఇంట్లో చెయ్యి కడిగిన పాపాన పోలేదు. కేసు మీద ఊళ్ళకు వెళ్తే అత్తయ్య కట్టిచ్చిన క్యారేజీ చెట్టు కింద కూర్చుని తినేవాడు. కేసు నడుస్తుండగా ఎవరైనా చేపలు పట్టుకొస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపేవాడు. "చేప కళ్ళు చూసి కొంటాం, తెచ్చినవాడి కళ్ళు చూడొద్దూ?" అనేవాడు. ఎక్కడ తింటే అక్కడ నోరు లొంగుతుందని ఆయనకు బాగా తెలుసు.

నాంచారమ్మ ఆ ఇంటికొచ్చింది నేను చేరిన మరుసటి ఏడు. ఆకివీడు దాటి లోపలికి, కొల్లేటి లంకల్లో ఒక ఊరు. ఆ ఊరి సొసైటీకి చేపల చెరువొకటి ఉండేది. ఆకివీడు ఆసామి ఒకాయనకు దాన్ని కౌలుకిచ్చారు. గడువైపోయింది, ఆసామి చెరువు వదలనన్నాడు. "మీ ప్రెసిడెంటు పెద్దిరాజు పొడిగిస్తానని నాతో ఒప్పుకున్నాడు," అన్నాడు. పెద్దిరాజు నాంచారమ్మ భర్త. ఆయన అప్పటికే గుండెపోటుతో పోయాడు. చచ్చినవాణ్ణి సాక్ష్యం పిలవలేరుగా. ఊరంతా ఆసామి మాట నమ్మలేదు గాని, నిప్పు లేనిదే పొగ రాదని మాత్రం అనుకుంది. పెద్దిరాజు ఏదో పుచ్చుకుని చెరువు రాసిచ్చేశాడని, ఆ పుచ్చుకున్నది నాంచారమ్మ ఎక్కడో దాచిందని గుసగుసలు. ఆమె రేవులో బిందె పెడితే పక్కవాళ్ళు తమ బిందెలు జరుపుకునేవారు. ఆమె ఇంట్లో ఎవరూ మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. సొసైటీ వేసిన కేసులో ఆమే అసలు సాక్షి.

ఆవేళ ఆమె ముందుగదిలో నేల మీదే కూర్చుంది. కుర్చీలో కూర్చోమంటే వద్దంది. "చెరువు సంగతి ఊరు చూసుకుంటాదండి బాబుగారూ. నాకు కావలసింది అది కాదండి. మా ఆయన ఒప్పుకోలేదు. ఆ మాట జడ్జిగారి నోట వినాలండి. మా ఊరు వినాలండి. అంతేనండి," అంది. తరవాత బల్ల దగ్గర, పెరుగన్నంలో చెయ్యి పెట్టుకుని, అత్తయ్య అడిగినప్పుడు మళ్ళీ అదే చెప్పింది. ఆసామి ఇంటికొచ్చినప్పుడు పెద్దిరాజు గడప మీద ఎటు తిరిగి నిలబడ్డాడో, ఏమని పంపేశాడో, అన్నీ అవే. సాయంత్రం మావయ్య నన్ను అడగలేదు, అత్తయ్యనూ అడగలేదు. ఆయన ముఖం అంత తేటగా ఉండడం నేను అరుదుగా చూశాను. "ఇన్నేళ్ళలో పొల్లుపోకుండా చెప్పిన మనిషిని ఇప్పుడు చూశాను. ఈ కేసు నేనే నడుపుతాను," అన్నాడు. ఆ రాత్రి భోజనంలో రెండోసారి నెయ్యి వేయించుకున్నాడు.

కేసు బాగానే నడిచింది. నాంచారమ్మ సాక్ష్యానికి తేదీ పడింది. సరిగ్గా అప్పుడే ఒక మధ్యాహ్నం ఇంటి ముందు తెల్ల కారు ఆగింది. అందులోంచి మావయ్య ఎప్పటినుంచో సలహాలు చెప్పే పార్టీ పెద్దాయన దిగాడు. తలుపులు వేసుకుని ముందుగదిలో చాలాసేపు మాట్లాడుకున్నారు. పెద్దాయన అన్నం వద్దన్నాడు, పళ్ళరసం పుచ్చుకున్నాడు. ఆయన డ్రైవరు మాత్రం వెనక వరండాలో భోంచేశాడు. అత్తయ్య ముందే అడిగితే, "హైదరాబాదు నుంచి తిన్నగా వస్తున్నామండి," అన్నాడు. పెరుగు పోస్తూ ఆవిడ, "అంత దూరం నుంచి ఎండలో వచ్చారు, పాపం," అంది. అలవాటు కొద్దీ అందో, కావాలని అందో నాకిప్పటికీ తెలీదు. ఆ డ్రైవరు వేళ్ళు నాకుతూ, "ఎంత దూరమండీ, ఆకివీడేగా. కారు మా ఆసామిదేనండి. పొద్దున్నే ఈ పెద్దాయన్ని ఎక్కించుకు తీసుకెళ్ళమన్నారు," అన్నాడు. అత్తయ్య చేతిలో పెరుగు గిన్నె అలాగే ఉండిపోయింది. నా వంక చూసింది. ఆ ఇంట్లో ఇన్నాళ్ళు నేర్చుకున్న చదువంతా ఆ చూపులో ఉంది.

సాయంత్రం మావయ్య సంగతి చెప్పాడు. తనను రాజ్యసభకు పంపాలనుకుంటున్నారట. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన కుర్చీలో కూర్చోలేకపోయాడు, గదిలో ఆ మూలనుంచి ఈ మూలకు నడిచాడు. "ఇన్నేళ్ళ నా సేవ ఇప్పటికి గుర్తించారు. కొల్లేరు గురించి, మన రైతుల గురించి ఢిల్లీలో మాట్లాడేవాడు లేడు. నేను మాట్లాడతాను," అన్నాడు. చెరువు కేసు ఎవరు చూస్తారని నేనడిగాను. "నువ్వు చూడు. వాదనలకు నేనే వస్తాను," అన్నాడు. అదంతా అన్నానికి ముందు. తరవాత ముగ్గురం ఈ బల్ల దగ్గర కూర్చున్నాం. ఆవేళ వంకాయ కూర, చారు. పెరుగన్నం వేళకు అత్తయ్య తల ఎత్తకుండా, "ఇందాక కేసు సంగతేదో అన్నారు, నాకు సరిగ్గా వినపడలేదండీ," అంది.

ఆయన ముద్ద నోటి దగ్గరే ఆగింది. ఆ ప్రశ్న అల్లింది ఆయనే. ఎన్ని వందలమంది మీద వేయించాడో. అయినా తెలిసి తెలిసీ కాలు జారాడు. "అది... ఇంకో సీనియరుకు అప్పజెప్తాను. ఈ పిల్లకు అనుభవం చాలదు," అన్నాడు. "అన్నానికి ముందు అమ్మాయే చూస్తుందన్నారు," అంది అత్తయ్య. ఆవిడ గొంతులో కోపం లేదు. క్లయింట్లు వెళ్ళాక తేడా చెప్పేటప్పుడు ఎలా చెప్పేదో అలాగే చెప్పింది. మావయ్య కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. మావయ్య మీద నాకు మొదటిసారి అనుమానం పుట్టింది అప్పుడే. పుట్టినదాన్ని చంపుకుందామని చాలా ప్రయత్నించాను. అనుమానం పెంచడం నేర్పినవాడు, దాన్ని చంపడం నేర్పలేదు.

తరవాత జరిగింది ఎవరైనా ఊహించగలిగేదే. దండలు, బాణాసంచా, ఏలూరు స్టేషన్లో జనం. కొత్త సీనియరు కేసు తీసుకున్నాక నాంచారమ్మ సాక్ష్యం తేదీ వాయిదా పడింది, మళ్ళీ పడింది, ఆ తరవాత ఆమె చేత చెప్పించే అవసరమే లేకుండా పోయింది. ఆసామికీ సొసైటీకీ రాజీ కుదిరింది. కౌలు కాస్త పెంచాడు, చెరువు ఆయన దగ్గరే ఉండిపోయింది. రాజీలో ఒక మాట ఉంది. గత ప్రెసిడెంటు పెద్దిరాజు పొడిగింపుకు ఒప్పుకున్న మాట నిజమేనని ఇరువర్గాలూ అంగీకరించాయట. కోర్టు హాల్లో అది చదువుతుంటే నేను వెనక బెంచీలో ఉన్నాను. నాంచారమ్మ నా పక్కనే ఉంది. కోర్టు భాష ఆమెకు అర్థం కాలేదు, కానీ మొగుడి పేరు వినపడింది. "ఏమన్నారమ్మా?" అని అడిగింది. నేను చెప్పాను. ఆమె ఏడవలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, చాలాసేపు అలా కాలవ వైపు చూస్తూ ఉండిపోయింది. నాకు మావయ్య మీద అసహ్యం వేసింది. అది దాచుకోవలసిన అవసరం నాకిప్పుడు లేదు.

ఆయన ఎంపీగా ఉన్న ఏళ్ళన్నిటిలో నాకు బాగా గుర్తున్నది ఒకటే మాట: "తినే వచ్చాను." ఢిల్లీ నుంచి ఎప్పుడొచ్చినా గుమ్మంలోనే ఆ మాట. బెజవాడలో తిన్నానని ఒకసారి, బండిలో తిన్నానని ఒకసారి, గెస్టుహౌసులో పెట్టారని ఒకసారి. అత్తయ్య వండిన కూర వండినట్టే ఉండేది. ఆవిడ బలవంతం చేసేది కాదు. మావయ్య ఈ బల్ల దగ్గరకు రాకుండా తిరిగేవాడు, కుక్క కరిచిన వీధిలోంచి వెళ్ళనట్టు. మధ్యగదిలోకి రావలసి వస్తే నిలబడే మాట్లాడేవాడు. ఇంటికొచ్చేవాళ్ళు మాత్రం తగ్గలేదు. బదిలీలకు, సీట్లకు, సిఫారసులకు వచ్చేవారు. వాళ్ళకు ముందుగదిలోనే టీ, బిస్కెట్లు. ఎవరూ ఎవర్నీ రెండోసారి అడిగేవారు కాదు. ఆయన ప్రసంగం టీవీలో వస్తుందంటే ఒకసారి అందరం కూర్చున్నాం. గూడెంలో ఏదో ఎక్స్‌ప్రెస్ ఆగాలని చక్కగా మాట్లాడాడు. కొల్లేరు పేరు వస్తుందేమోనని నేను చివరిదాకా చూశాను. అత్తయ్య నిలబడే చూసి, మధ్యలోనే పొయ్యి మీద పాలున్నాయని వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలు లేవు.

అంతలో, సరస్సును ఆక్రమించాయని ప్రభుత్వం కొల్లేట్లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టించిన ఏడు వచ్చింది. ఆ ఊరి చెరువు కూడా పోయింది. అది ఆసామిదీ కాదు, సొసైటీదీ కాదు, మళ్ళీ కొల్లేటి నీరే. ఆ ముక్క తెలిసి నేను, రాజీ తరవాత కూడా మావయ్య కోసం వచ్చిపోతున్న నాంచారమ్మ ఇక రాదేమో, రావడానికి ఏం మిగిలిందని అనుకున్నాను. ఆమె మాత్రం వచ్చింది. మావయ్య ఢిల్లీలో ఉన్నాడని చెప్తే, "ఆయ్, మళ్ళీ వస్తానండి," అని వెళ్ళింది. చెరువు పోయాక ఊళ్ళో పని పోయింది, కోపం పెరిగింది, అది ఎవరి మీద పోవాలో తెలీక మళ్ళీ పెద్దిరాజు మీదకే వచ్చింది. అతను మొదట్లోనే అమ్ముకోకపోతే ఇంత జరిగేదా అన్నారట. దాంట్లో న్యాయం ఏమిటని అడక్కండి. అనుమానానికి న్యాయంతో పనిలేదు.

గడువైపోయి మావయ్య తిరిగొచ్చేశాడు. పార్టీ రెండోసారి పంపలేదు. ఆ పెద్దాయన ఫోను ఎత్తడం మానేశాడు. ఇప్పుడు తినడానికి ఇల్లొక్కటే మిగిలింది. ఆయన అందరికంటే ముందే, ఒక్కడే, ముందుగదిలో కంచం ఒళ్ళో పెట్టుకుని తినేవాడు. అత్తయ్య వడ్డించి వచ్చేసేది. ఏమీ అడిగేది కాదు. అంతకంటే పెద్ద శిక్ష ఆవిడ వెయ్యలేదు, ఆయన పడలేదు.

అలాంటి ఒక పొద్దున నాంచారమ్మ మళ్ళీ వచ్చింది. జుట్టు బాగా నెరిసింది. మావయ్య ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. "రావమ్మా. ఎలా ఉన్నారు మీ ఊళ్ళో?" అన్నాడు, ఎంపీ గొంతుతో. ఆమె నేల మీద కూర్చుని, "ఉన్నామండి. బాబుగారూ, మీరొకసారి మా ఊరొచ్చి, మా ఆయన ఒప్పుకోలేదని చెప్పాలండి. కోర్టు వద్దు, కాయితం వద్దు. మీ నోటితో చెప్తే చాలండి," అంది. మావయ్య గొంతు సవరించుకున్నాడు. "తప్పకుండా వస్తానమ్మా. వీలు చూసుకుని... అప్పటి పరిస్థితులు వేరు..." అని మొదలుపెట్టాడు. నాంచారమ్మ చెయ్యెత్తి ఆపింది. "ఇప్పుడేం చెప్పొద్దండి. మా ఇంట్లో అన్నం తిని, ఆ తరవాత చెప్పండి," అంది.

వంటింటి గుమ్మంలో ఉన్న అత్తయ్య చేతిలోంచి గరిటె జారిపడింది. "నీకు తెలుసా?" అంది అత్తయ్య. నాంచారమ్మ కొంచెం నవ్వింది. "తెలీకేమండి అమ్మగారూ. కొల్లేట్లో వలలేసుకు బతికేవాళ్ళం. మీరు పెరుగు పోసి రెండోసారి అడిగినప్పుడే తెలిసిందండి, తలుపెనక బాబుగారున్నారని. మా ఆయన మాట మీద మీకు నమ్మకం కుదరాలి కదా అని, మళ్ళీ చెప్పేనండి." అత్తయ్య గరిటె తీసి కడిగి, "రేపు వస్తాం. నేనూ వస్తాను," అంది. మావయ్యను ఆవిడ అడగనైనా లేదు.

మర్నాడు కారులో బయలుదేరాం. ఆకివీడు దాటాక రోడ్డుకు రెండువైపులా నీళ్ళు, గుర్రపుడెక్క, తెగిన గట్ల మీద తుమ్మచెట్లు, వాటి మీద కొంగలు. అత్తయ్య క్యారేజీ కట్టలేదు. నాంచారమ్మ ఇల్లు ఊరి చివర, రేవు పక్కన. అరుగు మీద చాప పరిచి ఉంది. మాజీ ఎంపీగారు వచ్చాడని జనం మూగారు, కానీ అరుగుకు ఎడంగా, రోడ్డవతలే నిలబడ్డారు. ఆ ఇంటి గడప దగ్గరకు రాకపోవడం వాళ్ళకు అలవాటైపోయింది. మావయ్య చెప్పులు విడిచి చాప మీద కూర్చున్నాడు. క్లయింటు ఇంట్లో ఆయన చెయ్యి కడగడం నేను చూడడం అదే మొదలు. నాంచారమ్మ వేడన్నం, కొరమీను పులుసు వడ్డించింది. ఆయన మొదటి ముద్ద కలపడానికి చాలాసేపు పట్టింది. తరవాత మాత్రం తలొంచుకుని, మారు వడ్డించుకుని, కంచంలో మెతుకు మిగలకుండా తిన్నాడు. ఊరంతా చూస్తూ నిలబడింది. ఒక మనిషి అన్నం తినడాన్ని అంతమంది అంత శ్రద్ధగా చూడడం నేనెక్కడా చూడలేదు.

నాంచారమ్మ చేతులకు నీళ్ళు పోసి, అందరికీ వినపడేలా అడిగింది. "బాబుగారూ, మా ఆయన ఆసామితో ఒప్పుకున్నాడాండి?"

మావయ్య లేచి నిలబడ్డాడు. చేతులు తుడుచుకోలేదు, నీళ్ళు కారుతూనే ఉన్నాయి. "పెద్దిరాజు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నది నేను," అన్నాడు. ఆ గొంతు ఎంపీది కాదు, కోర్టులో వాదించే ప్లీడరుదీ కాదు. "నాకు ఢిల్లీ సీటు కావలసొచ్చింది. కేసు వదిలేస్తే ఇస్తామన్నారు. వదిలేశాను. చెరువు అవతలవాడికి పోవాలంటే ఎవరో ఒకరు ఒప్పుకున్నట్టుండాలి. చచ్చిపోయినవాడు కాదనలేడు కదా. అందుకని ఆ మాట అతని నెత్తిన పెట్టనిచ్చాను. అతను గానీ, ఈమె గానీ ఏమీ పుచ్చుకోలేదు. పుచ్చుకున్నవాణ్ణి నేను."

జనం వెనకనుంచి ఒక ముసలాయన, "పదవి పోయింది కాబట్టి చెప్తున్నారా బాబుగారూ, మళ్ళీ ఎలక్షన్లకి నిలబడదామనా?" అన్నాడు. కొందరు నవ్వారు. మావయ్యకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. ఆ ముసలాయన జనంలోంచి మెల్లిగా రోడ్డు దాటి వచ్చాడు. మావయ్యను ఒకసారి పైనుంచి కింద దాకా చూశాడు. ఖాళీ కంచాన్ని చూశాడు. తరవాత చెప్పులు విడిచి, ఆ చాప మీదే మావయ్య లేచిన చోట కూలబడి, "పులుసు మిగిలిందా నాంచారీ? నాకూ ఓ ముద్ద పెట్టవే," అన్నాడు. నాంచారమ్మ లోపలికి వెళ్ళింది. కోర్టు మెట్ల మీద కూడా ఏడవని మనిషి, గిన్నె పట్టుకుని బయటికొచ్చేటప్పటికి కళ్ళు తుడుచుకుంటోంది. ఆ వెనకే ఇంకో ఇద్దరాడవాళ్ళు అరుగెక్కారు. అత్తయ్య కొంగు నడుముకు దోపుకుని వడ్డనకు లేచింది.

తిరిగొచ్చేటప్పుడు కారులో, ఏలూరు దగ్గరపడుతుండగా నా బుద్ధి ఊరుకోలేదు. నాకు ఆ ఇంట్లో పట్టిన రోగం అది. "మావయ్యా, ఆవిడ మన పద్ధతి అప్పుడే కనిపెట్టింది. తెలిసి చెప్పింది కాబట్టే మాట తేడా రాలేదేమో. మరి ఆ రోజు మీరు నమ్మింది దేన్ని?" అన్నాను. అత్తయ్య విసురుగా నా వైపు తిరిగింది. మావయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాకూ తెలుసు కదమ్మా," అన్నాడు. "ఆ పద్ధతి పెట్టిందే నేను. ప్రశ్న ఎప్పుడొస్తుందో, ఎందుకొస్తుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా ఆ రోజు బల్ల దగ్గర నా మాట మారిపోయింది. తెలిసినంత మాత్రాన అబద్ధం నిలబడదు." ఇంటికి రాగానే ఆయన తిన్నగా మధ్యగదిలోకి వెళ్ళి, బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "కాస్త మజ్జిగ ఇస్తావా?" అన్నాడు. అత్తయ్య ఇచ్చింది.

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. నా ప్రాక్టీసు వట్లూరులోనే. క్లయింట్లు ముందు ఫోన్లో మాట రికార్డు చేసి పంపుతారు, ఎంత కావాలంటే అంత దిద్దుకుని. వాళ్ళకు నేను నీళ్ళసీసా ఇస్తాను, ఏసీ వేస్తాను. ఎవరూ నా ఇంట్లో భోంచెయ్యరు, నేనూ పెట్టను. అంతా గౌరవంగానే జరిగిపోతుంది. నేను మాత్రం అందర్నీ అనుమానిస్తూనే ఉంటాను, పట్టుకోవడానికి ఏ దారీ లేకుండా. మావయ్య అనుమానానికి కనీసం ఒక పూట అన్నం ఖర్చయ్యేది.

మొన్న నాంచారమ్మ తెచ్చిన కొరమీను ఆమే కోసి, ఆమే పులుసు పెట్టింది. ఇద్దరం ఈ బల్ల దగ్గరే కూర్చున్నాం. తినేముందు ఏవో కబుర్లు చెప్పింది. మనవరాలికి భీమవరంలో కాలేజీ సీటొచ్చిందని, మోకాళ్ళు పట్టేస్తున్నాయని, మళ్ళీ ఈ మధ్య కొల్లేట్లో ఎవరో కొత్త గట్లు వేస్తున్నారని, వేసేది తమవాళ్ళు మాత్రం కాదని. ఆ చివరి మాట దగ్గర నా చెవి నిక్కబొడుచుకుంది. పెరుగన్నం కలుపుతూ ఆమె తల ఎత్తి నా వంక చూసింది. ఆ రెండోసారి ప్రశ్న కోసం ఎదురుచూస్తోందని నాకు తెలుసు. అది అడిగే వేళకే నేను ఎదురుచూస్తున్నానని ఆమెకూ తెలుసు.

"ఇంకాస్త పెరుగు వేసుకో నాంచారమ్మా," అన్నాను. ఇంకేమీ అడగలేదు.